మీది అర్రల సకీనాబెన్

ఆ ఎండకాలం మా బాపును దవాఖానల వేసినంక, పదకొండు రోజులు మా ఇంటిని నిలబెట్టింది ఒక ఆడమనిషి గొంతు. మనిషిని మేం చూడలే.

2021 ఏప్రిల్ అది. సూరత్‌ల కరోనా రెండోసారి వచ్చి అందరిని అల్లాడిస్తున్నది. రింగ్ రోడ్డు మార్కెట్ల చీరెలు మడత పెట్టే నా పని బంద్ అయ్యింది. బట్ట నేసే పనికి కరీంనగర్ నుంచి వచ్చిన బాపు, లింబాయత్‌ల నడిపే సాంచెలు సుత ఆగినయి. బాపుకు ముందు జ్వరం వచ్చింది, నాలుగో రోజుకు దమ్ము అందలే. తిరగంగ తిరగంగ ఒక ప్రైవేటు ఆసుపత్రిల బెడ్ దొరికింది. నన్ను, అవ్వను గేటు కాడనే ఆపి, బాపును చక్రాల కుర్చీల లోపలికి తీసుకపోయిన్రు. బాపు వెనుకకు తిరిగి చెయ్యి ఎత్తిండు, అంతే.

తెల్లారి పదకొండు గంటలకు నా ఫోన్ మోగింది. వీడియో కాల్. తెర మీద తెల్ల కిట్టు, ఆవిరి పట్టిన కండ్లద్దాలు, ఫోనుకు తొడిగిన ప్లాస్టిక్ కవరుతోని అంత మసక మసక.

"నేను సకీనాను, వార్డుల పని చేస్త. నర్సింగం కాకా ఇంటోళ్ళేనా?"

ఆమె మాట్లాడేది హిందీ, నడుమ నడుమ గుజరాతీ. నాకు యాదికున్నంత మా మాటలల్లనే చెప్తున్న.

రోజూ అదే టైముకు ఫోన్ వచ్చేది. అవ్వ పదిన్నరకే గోడకు ఆనుకొని నా ఫోన్ దిక్కు చూసుకుంట కూసునేది.

"కాకీ, ఇయ్యాల కాకా సగం గిన్నె ఖిచిడీ తిన్నడు. మిగిలిన సగం నా మీద కోపంతోని వదిలేసిండు."

"నీ మీద కోపం ఎందుకు బిడ్డా?"

"పచ్చి మిరపకాయ అడిగిండు. నేను ఇయ్యలే."

అన్ని రోజులల్ల అవ్వ అప్పుడే నవ్వింది. నవ్వుకుంటనే కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది.

ఏడో రోజు బాపుకు ఆక్సిజన్ పడిపోయింది. ఆ దినం పదకొండు అయ్యింది, పన్నెండు అయ్యింది, ఫోన్ రాలే. రెండింటికి వచ్చింది. బాపును బోర్ల పండవెట్టి, వీపు మీద తట్టుకుంట ఆమె పొద్దటి నుంచి పక్కనే కూసున్నదట. గొంతు బొంగురుపోయింది. "ఇప్పుడు జర నయం కాకీ, నిద్రవోతున్నడు" అన్నది.

అవ్వ ఫోనుకు రెండు చేతులు జోడిచ్చింది. "నువ్వు నా కడుపున పుట్టిన బిడ్డవే. నీ కాళ్ళు మొక్కుత తల్లీ. ఆయన లేచినంక నువ్వు మా ఇంటికి రావాలె. నా చేతితోని కోడికూర వండి పెడత."

"వస్త కాకీ," అన్నది సకీనా. కని ఆ మాట అననీకి జర ఆలస్యం చేసింది. అది నేను గమనించిన.

ఆ ఫోన్లు పట్టుకున్నన్ని రోజులు నేను దుపట్టాతోని మొఖం చుట్టుకునే ఉన్న. కరోనా భయం అని అందరనుకున్నరు. అసలు సంగతి వేరే. నాకు మా అవ్వ రంగు వచ్చింది. నల్లగ ఉంటదని అవ్వను అత్తగారింట్ల కర్రెది అనే పిలిచేటోళ్ళట, పేరు పెట్టి పిలిచినోళ్ళు తక్కువ. నా బిడ్డకు ఆ మాట రావద్దని, నాకు పద్దెనిమిదేండ్లు నిండంగనే మెడికల్ షాపుల నుంచి మొఖం తెల్లగ చేసే ఒక ట్యూబు తెచ్చి పెట్టింది. మొదటి ఏడాది మొఖం నిగనిగలాడింది. పెండ్లిళ్ళకు పోతే గుర్తుపట్టలేదన్నరు. అవ్వ ఎంత మురిసిందో! తర్వాత తర్వాత బుగ్గలు ఎర్రబడుడు, సన్నటి వెంట్రుకలు మొలుచుడు మొదలయ్యింది. రెండు రోజులు రాయకుంటే మిరపకాయ నూరి పూసినట్టు మంట. మంట ఆగాలంటే మళ్ళ అదే రాయాలె. ఆరేండ్లు రాసిన. బాపు దవాఖానల ఉన్నప్పుడు ట్యూబు అయిపోయింది. ఇంకోటి కొందామన్న సోయి ఎవలకూ లేకుండె. నాలుగో రోజుకు నా మొఖం ఉబ్బి, తోలు పగిలి, నీళ్ళు తగిలితే కేక పెట్టేటట్టు అయ్యింది.

పన్నెండో రోజు బాపు ఇంటికి వచ్చిండు. సగమైపోయిండు. రెండు మాటలు మాట్లాడితే దగ్గు. ఆ దగ్గు నడుమనే సకీనా సంగతి చెప్పిండు. కరోనా వార్డుల పని చేస్తదని నవాగామ్‌ల ఆమె ఇంటి ఓనరు సామాను బయట పెట్టిండట. దవాఖాన స్టోరు రూముల పండుకుంటున్నదట.

"మీది అర్ర ఖాళీనే గదా. రమ్మన్న."

మీది అర్రల కిరాయికి ఉన్న ఒడిశా వాళ్ళు ఊరికి పోయి నెల అయ్యింది.

"ఇంక నన్ను అడుగుడు ఏంది?" అన్నది అవ్వ. "ఆ పిల్లకు మన ఇంట్ల లేకుంటే ఇంకేడ జాగ?"

ఆయితారం పొద్దుగాల అవ్వ కోడికూర పొయ్యి మీద పెట్టి, వాకిలి కడిగి, మీది అర్ర ఊడ్చి వచ్చింది. పదింటికి వాకిట్ల ఆటో ఆగింది. ఒక రేకు పెట్టె, ఒక సంచి పట్టుకొని ఒకామె దిగింది. మంచి పొడుగు మనిషి. రింగులు రింగుల జుట్టును బిగదీసి ముడిచింది. నలుపంటే నలుపు, మా అవ్వ కన్న, నా కన్న, నేను చూసిన అందరికన్న. మాస్కు మీదికెంచి పెద్ద పెద్ద కండ్లు.

అవ్వ గుమ్మంల నిలబడి హిందీల అడిగింది. "ఎవలు కావాలె?"

"నేనే కాకీ," అన్నది ఆమె.

అదే గొంతు. పదకొండు రోజులు మేం చెవులు పెట్టి విన్న గొంతు.

అవ్వ చేతిల చెంబు ఉన్నది. కాళ్ళకు నీళ్ళియ్యనీకి తెచ్చుకున్నది. ఇయ్యలే. లోపలికి రా అనలే. ఆమె సుత అడుగు ముందటికి వెయ్యలే. ఇసొంటి ఘడియ తనకు కొత్త కానట్టు, అవతలి మనిషికి టైం ఇచ్చినట్టు, పెట్టె కింద పెట్టి నిలబడ్డది. గోడ పట్టుకుంట బాపు వచ్చిండు.

"వచ్చినవా బిడ్డా? పచ్చి మిరపకాయ ఇస్తెనే లోపలికి రానిస్త."

ఆమె నవ్వింది. అవ్వ పక్కకు జరిగింది.

కోడికూర వడ్డించింది అవ్వ. రెండోసారి సుత వేసింది. కని మాట్లాడలే. ఆమె తిని, తన కంచం తనే కడిగి, మీదికి పోయింది.

"గా పిల్లది మన దేశమేనా?" అని అడిగింది అవ్వ.

"రతన్‌పూర్. భరూచ్ దిక్కు ఉంటది. సీదీలు వాళ్ళు. ఎప్పుడో వాళ్ళ తాతల తాతలను ఆఫ్రికా నుంచి తెచ్చిన్రట." బాపు దగ్గి, దమ్ము తీసుకున్నడు. "వందల ఏండ్ల సంది ఈడోళ్ళే. మనమే మొన్న వచ్చినోళ్ళం."

"గల్లీల ఏమంటరో."

"నా దమ్ము పోతుంటే గల్లీ వచ్చిందా?"

గల్లీ అననే అన్నది. పక్కింటి పోశమ్మ అత్త మా దిక్కామెనే, కరీంనగర్. గోడ అవతల నుంచే గట్టిగ అడిగింది. "వజ్రమ్మా, ఎవలో పరదేశం మనిషిని తెచ్చి పెట్టుకున్నవట? ఏం మనుషులో ఏందో, రోగాల దవాఖాన వాసన ఒకటి." మా అవ్వ ఔననలే, కాదనలే. బట్టలు ఆరేసి లోపలికి వచ్చింది. అవ్వ వారం దినాలు అట్లనే ఉన్నది. ఒకనాడు పొద్దుగాల నన్ను పిలిచింది.

"నెల అయినంక వేరే జాగ చూస్కోమందాం. నువ్వే పోయి చెప్పు. నీకు హిందీ మంచిగ వస్తది."

మీదికి పోయిన. డ్యూటీ దిగి వచ్చి, తల స్నానం చేసి, మెట్ల మీద ఎండకు జుట్టు ఆరబెట్టుకుంటున్నది సకీనాబెన్. గుజరాతీల అక్కను బెన్ అంటరు. నన్ను చూసి జరిగి జాగ ఇచ్చింది. ఎట్ల మొదలు పెట్టాలెనో తెలువక నిలబడ్డ.

"దుపట్టా తియ్యి," అన్నది.

"వద్దు."

"ఫోన్ల ఒకసారి దుపట్టా జారినప్పుడు చూసిన. నువ్వు ఎండ అన్నవు. ఎండతోని గట్ల కాదు. తియ్యి భాగ్యా."

తీసిన. ఆమె ముట్టుకోలే. అటు ఇటు వంగి చూసింది. "ట్యూబు ఉంటె తేపో" అన్నది. ఖాళీ ట్యూబు తెచ్చి ఇస్తే దాని మీది చిన్న చిన్న అక్షరాలు చదివింది.

"ఇది దురద లేస్తె వారం రోజులు రాసే మందు. నువ్వెన్ని రోజులు రాసినవు?"

"ఆరేండ్లు."

ఆమె ట్యూబు మెట్టు మీద పెట్టింది. తన కుడి చెంప మీద చెవి పక్కన వేలు పెట్టి చూపించింది. సగం రూపాయంత మచ్చ, చుట్టుముట్టు రంగు కన్న పలచగ ఉన్నది. "నేను రెండేండ్లు రాసిన" అన్నది.

ఆ పొద్దు ఆమె చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ యాదికున్నయి. ఆమె నర్సు చదివింది. ఏఎన్ఎం కోర్సు, సర్టిఫికెటు ఉన్నది. దవాఖానల ఇంటర్వ్యూకు పోతె, నిన్ను చూస్తె పేషెంట్లు బెదురుతరు, ఇప్పటికైతే ఆయా పని చెయ్యి అన్నరు. ఆ 'ఇప్పటికైతే'కు నాలుగేండ్లు. బస్సుల కూసుంటె పక్క సీటు ఖాళీ. ఏ దేశం నీది అని గుజరాతీల అడుగుతరు, గుజరాతీలనే జవాబు చెప్తె నవ్వుతరు.

"కిట్టు తొడుక్కున్నంక నన్ను అందరు బిడ్డా అన్నరు భాగ్యా. నా చేతులు పట్టుకొని ఏడ్చిన్రు. ఒక ముసలాయన నా చెయ్యి వదలకుంటనే పాణం ఇడిచిండు. మధ్యాహ్నం కిట్టు తీసి క్యాంటీన్ల నిలబడ్డ. ఆయన కొడుకు వచ్చిండు. పొద్దుగాల ఫోన్ల నాకు దండాలు పెట్టినోడే. ఇప్పుడు నన్ను చూసి, ఈడ నీళ్ళు పడ్డయి, తుడువు అన్నడు."

"తుడిచినవా?"

"తుడిచిన. అదే నా బాధ. నేనే ఆ మనిషినని ఎందుకు చెప్పలేదని వారం రోజులు నన్ను నేనే తిట్టుకున్న."

తల ఆరింది. జుట్టు ముడుచుకుంట అన్నది. "మీ ఇంటికి రానీకి సుత భయపడ్డ. కాకా మూడుసార్లు ఫోన్ చేసిండు కాబట్టి వచ్చిన. కాకీ నిన్ను ఎందుకు పంపిందో తెలుసు. నెలాఖరు దాకా టైం ఇయ్యుండ్రి, చాలు."

నాకు కండ్లల్ల నీళ్ళు వచ్చినయి. మొఖం మీద పడంగనే భగ్గున మండింది. "ఔ, అందుకే వచ్చిన," అన్న. "కని ఆ మాట నేను చెప్ప."

మూడో రోజు డాక్టర్ మైథిలి దగ్గరికి తీసుకపోయింది నన్ను. మైథిలి మేడం తోలు డాక్టరు. ఆంధ్రా ఆమె. కరోనా డ్యూటీల సకీనాబెన్‌కు పరిచయమయ్యింది. నాతోని అవ్వ సుత రావాలెనని బాపు పట్టు పట్టిండు.

"ఇది ఎవరు రాసిచ్చారమ్మా?" అని అడిగింది డాక్టరు.

"నేనే తెచ్చిన," అన్నది అవ్వ.

"మంచిదనుకునే తెచ్చి ఉంటారు. మీలాంటి తల్లులు నా దగ్గరికి రోజూ వస్తుంటారు. తగ్గుతుంది, భయపడకండి. కానీ ముందు కొంచెం పెరుగుతుంది, ఆ నెల ఓర్చుకోవాలి. ఎంత మండినా మళ్ళీ ఆ ట్యూబు ముట్టుకోవద్దు. మూడు నాలుగు నెలల్లో తన మామూలు రంగు తనకొస్తుంది."

"అంటే... మళ్ళ నల్లగనేనా?"

డాక్టరు రాస్తున్న కలం ఆపింది. "అమ్మా, నలుపు జబ్బు కాదు. నేను మందు రాస్తున్నది ఈ మంటకు."

ఆటోల తిరిగి వస్తున్నం. ముగ్గురం వెనుక సీట్ల, నడుమ అవ్వ. ఉధ్నా దర్వాజా కాడ ఆటో ఆగినప్పుడు, అవ్వ ముందటికే చూసుకుంట అడిగింది.

"నువ్వు రాసినప్పుడు సుత గిట్లనే మండిందా?"

ఆ ప్రశ్న తననేనని సకీనాబెన్‌కు తెలిసేసరికి ఆటో కదిలింది. "మండింది కాకీ."

"మీ అవ్వ తెచ్చిచ్చిందా?"

"లేదు. నేనే దొంగతనంగ కొనుక్కున్న. మా అవ్వకు తెలిసినంక చెంప మీద ఒక్కటి కొట్టింది. ట్యూబు తీసుకపోయి మోరీల పారేసింది."

మా గల్లీ మొదట్ల దిగినంక, ఆటో ఆయన పోయినంక అవ్వ అన్నది. "మంచి పని చేసింది మీ అవ్వ."

అటెన్క మా ఇంట్ల వేరే జాగ మాట ఎవలూ ఎత్తలే. డాక్టరు చెప్పినట్టే మే నెలంత నా మొఖం ఇంకా ఖరాబయ్యింది. మంటకు పండుకోలేక, ఒక పగలు ట్యూబు కొనుక్క రమ్మని అవ్వ కాళ్ళు పట్టుకున్న. అవ్వ చెప్పులేసుకొని గుమ్మం దాటింది కని మెడికల్ షాపుకు పోలే, మీదికి పోయింది. ఇద్దరు కలిసి దిగిన్రు. సకీనాబెన్ తడిబట్ట వేసుకుంట ఒక పక్క, అవ్వ విసనకర్రతోని ఇంకో పక్క. నా చెయ్యి మాత్రం ఎవలూ వదలలే. మొఖం గీరుకుంటనేమోనని భయం.

జూన్ల మొగులు పట్టే వరకు మంట తగ్గింది. తోలు పొరలు పొరలుగ లేచి, కింద అసలు రంగు కనవడ్డది. మొదట గదుమ కాడ, తర్వాత నొసటి మీద. అవ్వ గుర్తుపట్టి, "ఇగో, ఈడ నా రంగు వచ్చింది" అని బాపుకు చూపిచ్చింది.

అప్పుడే టీకాలు వెయ్యనీకి మునిసిపాలిటీ వాళ్ళు నర్సులను కాంట్రాక్టు మీద తీసుకుంటున్నరని సకీనాబెన్ ఫోన్ల మెసేజ్ వచ్చింది. ఆమె చదివి, ఫోన్ బోర్లేసింది.

"అది మొఖం మొఖం చూసుకునే పని భాగ్యా. కిట్టు ఉండది. నా ముందల చెయ్యి ఎవలు చాపుతరు?"

"ఈ మొఖంతోని నేను మార్కెటుకు ఎట్ల పోవాలె మరి?" అన్న. "నువ్వు పోతె నేను పోత. నువ్వు పోకుంటె ఇద్దరం ఈడనే మెట్ల మీద కూసుందాం."

ఆమె నా దిక్కు కోపంగ చూసింది. సర్టిఫికెటు రేకు పెట్టెల ఉన్నదని చెప్పింది. ఫారం నేనే నింపిన. పదిహేను రోజులకు పిలిచిన్రు. మా గల్లీలల్ల తెలుగు మాట్లాడెటోళ్ళు ఒకలు కావాలెనని అక్కడ అడిగితె, ఆమె నా పేరు చెప్పింది. పేర్లు ఫోన్ల ఎక్కిచ్చుడు, భయపడెటోళ్ళకు సంజాయించుడు నా పని.

జులై మొదటి వారం. మునిసిపల్ బడిల రెండు టేబుళ్ళు వేసిన్రు. ఒకటి గుజరాతీ నర్సుది, రెండోది సకీనాబెన్‌ది. ఆ దినం నేను మాస్కు పెట్టుకున్న కని దుపట్టా భుజం మీదనే వేసుకున్న. నా నొసలు చూసి, "ఏమైంది పిల్లా?" అని అడిగిన్రు ఇద్దరు ముగ్గురు. "ఖరాబైంది, తగ్గుతున్నది" అని చెప్పి పేర్లు రాసుకున్న. అంత అల్కగ చెప్తనని నేనే అనుకోలే.

మా తెలుగు ఆడోళ్ళు ముప్పై మంది దాకా వచ్చిన్రు. అందరు మొదటి టేబుల్ ముందలనే నిలబడ్డరు. ఆ లైను వరండా దాటి ఎండలకు పోయింది. రెండో టేబుల్ ముందట ఒక్కరు లేరు. సకీనాబెన్ దూది ఉండలు డబ్బాలకెంచి తీసి, మళ్ళ అదే డబ్బాల సర్దుతున్నది. "ఈడ ఖాళీ ఉన్నది, ఇటు రాండ్రి" అని నేను పిలిచిన. "ఉండనియ్యి, మాకేం తొందర లేదు" అన్నది పోశమ్మ అత్త లైన్ల నుంచే.

అప్పుడు గేటు కాడ మా అవ్వ కనవడ్డది. సూదంటే అవ్వకు చిన్నప్పటి నుంచి భయం. నాకొద్దు అని పొద్దుగాలనే ఖరాఖండిగ చెప్పింది. ఇప్పుడు ఉతికిన చీరె కట్టుకొని వచ్చింది. లైను దిక్కు చూసింది, ఖాళీ టేబుల్ దిక్కు చూసింది. సక్కగ పోయి సకీనాబెన్ ముందట కుర్చీల కూసొని, జాకెట్టు చెయ్యి మీదికి మలిచింది.

"జర మెల్లగ బిడ్డా. నాకు భయం."

"నా దిక్కు చూడకు కాకీ. భాగ్యతోని మాట్లాడు."

అవ్వ నాతోని మాట్లాడలే. మెడ తిప్పి లైను దిక్కు చూసింది. సూది దిగుతుంటె పండ్లు బిగవట్టి అన్నది.

"పోశమ్మా, గా ఎండల ఎందుకు నిలబడ్డవ్? మోకాళ్ళ నొప్పులంటివి గదా. ఈడ నీడున్నది, రా."

లైను కదలలే. జరసేపటికి పోశమ్మ అత్త మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని, సణుక్కుంట సణుక్కుంట వచ్చి కుర్చీల కూసున్నది. కండ్లు గట్టిగ మూసుకున్నది. "అయిపోయింది మాసీ" అని సకీనాబెన్ అంటె నమ్మలే. "అయిపోయిందా? ఎప్పుడు వేసినవ్?" అని చెయ్యి చూసుకున్నది. ఆమె వెనుక ఇంకొకామె వచ్చింది. ఆమె వెనుక నలుగురు.

సూది వేసినంక అర్ధగంట కూసోవాలె. అవ్వ బెంచీ మీద కూసొని నన్ను పిలిచింది. నా ఫోన్ల తన సర్టిఫికెటు వచ్చిందేమో చూసి చదవమన్నది. పేరు, వయసు, టీకా పేరు, తారీఖు చదివిన.

"ఇంకా ఏమున్నది?"

"టీకా వేసినవారు, సకీనా సీదీ."

"గట్ల రాసిన్రా? ఆ పిల్ల పేరు?" అవ్వ ఫోన్ లాక్కున్నది. అవ్వకు చదువు రాదు. ఆ అక్షరాలు ఏడ ఉన్నయో వేలు పెట్టి చూపియ్యమన్నది. చూపిచ్చిన. లేచి ఆ ఫోన్ అట్లనే పట్టుకొని రెండో టేబుల్ కాడికి పోయింది.

సకీనాబెన్ చేతులకు మందు రుద్దుకొని, ఫోన్ తీసుకున్నది. ఒకసారి చదివింది. పెదాలు కదిలిచ్చుకుంట ఇంకోసారి చదివింది. ముందట కుర్చీల కూసున్న ముసలామె చెయ్యి చాపి ఎదురు చూస్తున్నది.

"ఏమైంది బిడ్డా?" అని అడిగింది ఆ ముసలామె తెలుగుల.

ఆమె ఏమన్నదో నేను హిందీల చెప్పేలోపలనే సకీనాబెన్‌కు సమజైంది.

"ఏం లేదు మాసీ, నా పేరు," అన్నది. ఫోన్ అవ్వకు ఇచ్చి, ముసలామె చెయ్యి తన చేతిలకు తీసుకున్నది.